రాతి మంట దగ్గర ఇద్దరు బాలింతలు

దురాన్ పుట్టింది ఆదివారమా, సోమవారమా అన్న తగువు ఆ ఇంట్లో నలభై రోజులుగా తెగలేదు. సర్కారు మంత్రసాని తన పుస్తకంలో ఆదివారం అని రాసుకుని గాడిదెక్కి వెళ్ళిపోయింది. కమేర్ అత్తగారు ఎల్మాస్ మాత్రం సోమవారమే అంటుంది. పొద్దు గుంకి, అజాను వినబడి, మేకలు దొడ్లో పడ్డాక కదా పిల్లాడు భూమ్మీద పడ్డాడు! పొద్దు గుంకితే మర్నాడు వచ్చేసినట్టేనని వాళ్ళ ఊరు చిరాలి పెద్దల లెక్క.

"దానికి చేతికి గడియారం ఉంది, నాకు నెత్తిమీద ఆకాశం ఉంది. ఏది ముందు ఆగిపోతుందో చూద్దాం," అంది ఎల్మాస్.

కమేర్‌కు ఇరవై ఒక్కేళ్ళు. ఇది మూడో కానుపు. మొదటి కూతురు పదకొండో రోజున పోయింది. రెండోవాడు ముప్ఫై ఒకటో రోజున పోయాడు. వాడు పోవడానికి వారం ముందు, పొరుగూరి బాలింత ఒకతె తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ, పసిబిడ్డను వీపున కట్టుకుని వాళ్ళ గుమ్మం ముందు నుంచే నడిచిపోయింది. నలభై నిండని బిడ్డలిద్దరు ఎదురుపడితే ఒకరి నలభై ఇంకొకరిని నొక్కుతుంది. ఒక బిడ్డ బొద్దుగా పెరుగుతుంది, రెండో బిడ్డ ఎండిపోతుంది. ఏ బిడ్డ పెరుగుతుందో, ఏది ఎండుతుందో ముందు ఎవరికీ తెలీదు. ఇది మూడేళ్ళ కిందటి మాట. ఆ పొరుగూరి పిల్లాడు ఇప్పుడు కోళ్ళ వెంటపడి పరిగెత్తుతున్నాడు. కమేర్ కొడుకు సముద్రం ఒడ్డు ఇసుక నేలలో, తలవైపొక రాయి, కాళ్ళవైపొక రాయి పెట్టుకుని పడుకున్నాడు.

అందుకే మూడోవాడికి దురాన్ అని పేరు పెట్టారు, నిలిచేవాడని. తండ్రి బెకిర్ సైన్యంలో చేరి, ఎక్కడో కార్స్ సరిహద్దు మంచులో తుపాకి పట్టుకుని కాపలా కాస్తున్నాడు; కొడుకును ఇంకా చూడలేదు. 'నువ్వొచ్చేసరికి వాడుంటాడు' అని ఎల్మాస్ ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరం వెళ్ళిన రోజు నుంచీ కమేర్‌కు కంటికి సరిగ్గా కునుకు లేదు. లేచి లేచి పిల్లాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తుంది. ఊపిరి తగిలాక కూడా, అది తన చేతి వెచ్చదనమేనేమోనని మళ్ళీ పెట్టి చూస్తుంది.

అత్త లెక్క ప్రకారం నలభయ్యో రోజు శుక్రవారం పడింది. ఆ రోజు పొద్దున్నే ఇద్దరూ కొండెక్కారు. నలభయ్యో రోజు నీళ్ళు మండే రాయి మీదే కాగాలి. పొయ్యి మీద కాచిన నీళ్ళు పనికిరావు, అవి అన్నం నీళ్ళు. రాతి పగుళ్ళలోంచి మంట వచ్చే చోట్లను నోళ్ళంటారు. కింది నోళ్ళు చిరాలి వాళ్ళవి, అక్కడికి అరగంట పైనున్న నోళ్ళు పై ఊరు ఉలుపినార్ వాళ్ళవి. ఎవరి నీళ్ళు వాళ్ళ నోటి మీద కాగాలన్నది తాతల నాటి కట్టు.

ఎల్మాస్ రాగి కూజాలో వాగు నీళ్ళు పట్టుకుంది, రెండో చేత్తో తాంబాళం పట్టుకుంది. తాంబాళంలో రోజుకొకటి చొప్పున నలభై గులకరాళ్ళు, నీళ్ళు ముంచడానికి ఒక కోడిగుడ్డు డొల్ల, తన పెళ్ళి ఉంగరం. కమేర్ పిల్లాణ్ణి వీపున కట్టుకుంది. పాత రాళ్ళు పరిచిన ఆ దారి దేవదారుల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పోతుంది. ఎప్పటి వాళ్ళు పరిచారో గానీ మేకల గిట్టలకు రాళ్ళు నున్నగా అరిగిపోయాయి. సగం దారిలో దురాన్ ఏడ్చాడు. కమేర్ ఒక బండమీద కూలబడి కట్టు విప్పి పాలిచ్చింది.

"తొందరగా కానీ. నీళ్ళు మోస్తున్నది నేను, ఆయాసపడుతున్నది నువ్వు," అంది అత్త.

"వాడు తాగుతుంటే లాక్కోమంటావా అత్తా?"

"తాగనీలే. తాగేవాడే నిలుస్తాడు. తలమీద గుడ్డ సరిగ్గా కప్పు, పక్షి నీడ పడుతుంది."

కమేర్ ఆకాశంలోకి చూసింది. పక్షి ఏదీ లేదు. అయినా కప్పింది.

పైన చెట్లు ఆగిపోయి, బోడి రాతి వాలు మొదలవుతుంది. దానిమీద ఇరవై చోట్ల రాతి పగుళ్ళలోంచి మంట వస్తూ ఉంటుంది. ఎండలో ఆ మంట దాదాపు కనబడదు, వెనకాల ఉన్న కొండ వణికినట్టు కనబడుతుంది, అంతే. వాలు అడుగున పాత గుడి పడిపోయి ఉంది. గుడి మీద ఎప్పుడో ఎవరో చర్చి కట్టారు, అదీ పడిపోయింది. చర్చి గోడ మీద రంగులేసిన ఒక సాధువు మిగిలాడు. కళ్ళు మాత్రం ఎవరో గీకేశారు. గుడి రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు ఈ చుట్టుపక్కల ఎవరూ చదవలేరు. మేకలకు మాత్రం ఒళ్ళు రుద్దుకోవడానికి బాగుంటాయి.

ఆ రాళ్ళకు సర్కారు ఒక కావలివాణ్ణి పెట్టింది. అతని పేరు సెఫెర్. రాళ్ళనెవరూ ఎత్తుకుపోకుండా చూడ్డం అతని పని. మనిషి ఎత్తున్న రాళ్ళను ఎవరెత్తుకుపోతారని జనం నవ్వుతారు. సెఫెర్ ఒక చిన్న నోటిమీద టీ కెటిలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వీళ్ళను చూసి గాభరాగా లేచాడు.

"ఎల్మాస్ పెద్దమ్మా! మీరు నిన్న రావాలి కదా!"

"నిన్న ముప్ఫై తొమ్మిదో రోజు. ఇవాళ నలభై. నిన్నెందుకొస్తాం?"

"మంత్రసాని ఆదివారం అని చెప్పిందే! నలభై అంటే గురువారం కదా అని నేను..." సెఫెర్ ఆగిపోయి పైకి వెళ్ళే దారి వైపు చూశాడు.

"నువ్వు ఏంట్రా?"

"ఏం లేదు. కూర్చోండి. టీ తాగుతారా?"

"టీ తర్వాత. ముందు నీళ్ళు పెట్టుకోనీ." ఎల్మాస్ పెద్ద నోటి పక్కన మూడు రాళ్ళు సర్ది కూజా ఎక్కించింది. సెఫెర్‌కు ఏదో ఒకటి మాట్లాడకపోతే తోచదని ఆమెకు తెలుసు. "నీ మృగం ఎలా ఉందిరా? బాగా ఊపిరి తీస్తోందా?"

సెఫెర్‌కు ఆ మృగం కథ పట్నం నుంచి వచ్చే అధికారి చెప్పాడు. అప్పటినుంచీ అందరికీ చెబుతాడు. ముందు సింహం తల, మధ్యలో మేక తల, వెనక పాము తోక. ఊళ్ళు కాల్చేసేదట. రెక్కల గుర్రమెక్కి ఒక వీరుడు వచ్చాడట. బల్లెం మొనకు సీసం ముద్ద గుచ్చి దాని గొంతులో దూర్చాడట. దాని మంటకే సీసం కరిగి, లోపలికి పోయి, అది చచ్చిందట. ఈ కొండ కింద పూడ్చారట. ఊపిరి మాత్రం ఇంకా ఆగలేదట.

"పాపం, దానికెవరిదో దిష్టి తగిలుంటుంది," అంది ఎల్మాస్. "లేకపోతే సీసం ఎందుకు పోస్తారు? దిష్టి తియ్యడానికి మేమూ పోస్తాం. ఐతే నెత్తిమీద గిన్నె పెట్టి నీళ్ళలో పోస్తాం. వాడెవడో చేతకాక నోట్లో పోశాడు."

"వీరుడు పెద్దమ్మా వాడు!"

"వీరుడైతే ఏం! మధ్యలో మేక తల ఉన్నదాన్ని ఎవరైనా చంపుకుంటారా? ఎన్ని పాలిచ్చేదో!"

కమేర్ నవ్వింది. చాలా రోజులకు నవ్విందేమో, తన నవ్వు తనకే కొత్తగా వినబడింది. సరిగ్గా అప్పుడే పక్కనున్న గుడి రాళ్ళ వెనక నుంచి ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. వీపున పసిబిడ్డ. ఆమె వెనకాల కర్ర పొడుచుకుంటూ ఒక ముసలామె.

వచ్చినామె ఉలుపినార్ ఉమ్మూ. ఇరవై ఎనిమిదేళ్ళది, నలుగురు ఆడపిల్లల తల్లి. వీపుమీద ఉన్నది నాలుగోది. ముసలామె ఆమె భర్తకు నాయనమ్మ, ఎషె అవ్వ. కళ్ళు సరిగ్గా కనబడవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది.

కమేర్, ఉమ్మూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడడుగుల దూరం. ఇద్దరి వీపుల మీదా బిడ్డలు.

"యా అల్లా!" అంది ఎల్మాస్.

సెఫెర్ రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "పై నోళ్ళు చలికాలం వానలకు కొండ జారి పూడిపోయాయి పెద్దమ్మా. వీళ్ళ పిల్లకూ నలభై నిండుతోంది, కింద నోటికి వస్తామన్నారు. చిరాలి వాళ్ళది గురువారం అయిపోతుంది, శుక్రవారం రండి అని నేనే చెప్పాను. నేనేం చేసేది? మీ ఇంట్లో రోజులు ఎలా లెక్కపెడతారో నాకెలా తెలుస్తుంది?"

"నోరు ముయ్యి! ఇద్దరూ తిరగండే! వీపులు తిప్పండి!" అని ఎషె అవ్వ కర్రతో రాతిమీద కొట్టింది.

ఇద్దరు బాలింతలు ఎదురుపడితే విరుగుడు ఒకటే. మాట్లాడకూడదు. వీపులు తిప్పుకుని నిలబడి, బిడ్డ గుడ్డలో పుట్టిన రోజు నుంచీ గుచ్చి ఉంచిన సూదిని తీసి, చెయ్యి వెనక్కి చాపి ఒకరిది ఒకరికి ఇచ్చుకోవాలి. బిడ్డ గడిపిన రోజులన్నీ ఆ సూదిలో ఉంటాయి. ఇద్దరూ మార్చుకుంటే బరువు సరిపోతుంది. ఒకరిచ్చి ఇంకొకరు ఇవ్వకపోతే, ఇచ్చినామె బిడ్డ ఎండిపోతుంది.

కమేర్ వెనక్కి తిరిగి నిలబడింది. అరచేతిలో ఉమ్మూ సూది పడింది. పొడుగుగా, కొంచెం వంగి, ఒంటి వేడితో వెచ్చగా ఉంది. కమేర్ గుప్పిట మూసేసి, రెండో చేత్తో దురాన్ గుడ్డ మడత తడిమింది. సూది లేదు. పక్క మడత చూసింది. లేదు. భుజం దగ్గర, నడుం దగ్గర, కాళ్ళ దగ్గర చూసింది. దారిలో పాలివ్వడానికి కట్టు విప్పినప్పుడు ఎక్కడో జారిపోయి ఉండాలి. దేవదారు ఆకులన్నీ సూదుల్లాగే ఉంటాయి. ఆ దారిలో సూదిని వెతకడం మనిషివల్ల కాదు.

"ఇవ్వవే! చెయ్యి చాపుకుని ఎంతసేపు నిలబడాలి నా మనవడి పెళ్ళాం?" అంది ఎషె అవ్వ.

కమేర్ చొక్కా మెడపట్టీలో ఇంకో సూది ఉంది. గుండీలు కుట్టుకునే మామూలు సూది, నల్ల దారం చుట్టి ఉంది. అది ఏ బిడ్డ గుడ్డలోనూ ఒక్క పూట కూడా లేదు. కమేర్ గోరుతో దారం లాగేసి, ఆ సూదిని వెనక్కి చాచిన చేతిలో పెట్టింది. వేళ్ళు ఎలా కదిలాయో ఆమెకే తెలీదు. ఉమ్మూ వేళ్ళు మూసుకున్నాయి.

"అయిందా?"

"అయింది," అంది ఉమ్మూ.

"అయింది," అంది కమేర్.

అక్కడితో అందరికీ ఊపిరి వచ్చింది. సెఫెర్ టీ పోశాడు. మార్చుకున్నాక ఇక మాట్లాడుకోవచ్చు, పక్కపక్కన కూర్చోవచ్చు. ఉమ్మూ వాళ్ళ కూజా కూడా అదే మంట మీద రెండోవైపు ఎక్కింది. తాతల నాటి కట్టు చెదిరిపోయిందని ఎల్మాస్ కాసేపు గొణిగింది గానీ, పూడిపోయిన నోటిమీద నీళ్ళు కాచుకోమని ఎవరూ అనలేరు.

ఉమ్మూ కూతుర్ని ఒళ్ళోకి తీసుకుని, కమేర్ ఇచ్చిన సూదిని ఆ పిల్ల గుడ్డకు జాగ్రత్తగా గుచ్చింది. గుచ్చి, పైనుంచి రెండుసార్లు నిమిరింది.

"పేరేంటి?" అని అడిగింది ఎల్మాస్.

"యెతెర్."

చాలు అని అర్థం. ఎల్మాస్ పెదవి విరిచింది. "చాలంటే ఆడపిల్లలు ఆగుతారటే?"

"మా ఆయన పెట్టాడు. నేను పెట్టలేదు," అంది ఉమ్మూ. పిల్ల పాదాన్ని నోట్లో పెట్టుకుని ఉత్తుత్తినే కొరికింది. పిల్ల కాలు విదిలించింది. "నాకు చాలలేదు. నాకింకా కావాలి ఇలాంటివి."

"దానికి పిచ్చి," అంది ఎషె అవ్వ టీ చప్పరిస్తూ. "ముందు ముగ్గుర్నీ ఆ ఒక్క సూదితోనే నలభై దాటించింది. ఒక్కదానికి తుమ్ము కూడా రాలేదు. మంచి సూదమ్మా అది, నీ చేతికొచ్చింది. గట్టిగా గుచ్చుకో."

కమేర్ ఆ సూదిని దురాన్ గుడ్డకు గుచ్చింది. తొందరలో అది ముందు తన వేలికే గుచ్చుకుంది.

నీళ్ళు కాగడానికి చాలాసేపు పట్టింది. రాతి మంట నిలకడగా ఉండదు. గాలి వీస్తే పక్కకు వాలిపోతుంది, లోపల నుంచి ఊపిరి తగ్గితే అడుగంటుతుంది. కమేర్ పిల్లాణ్ణి ఎత్తుకుని చర్చి గోడ వెనక్కి వెళ్ళి అత్తను సైగ చేసి పిలిచింది.

"అత్తా, నా సూది లేదు. దారిలో పడిపోయింది. నేనిచ్చింది చొక్కా సూది."

ఎల్మాస్ కోడలి మెడపట్టీ వైపు చూసింది. నల్ల దారం ముక్క ఇంకా వేలాడుతోంది. ఎల్మాస్ దాన్ని లాగి అవతల పారేసింది.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే."

"ఐతే ఇంక ఎవరికీ చెప్పకు."

"వాళ్ళ పిల్ల..."

"వాళ్ళ పిల్లకు వాళ్ళమ్మ ఉంది. నువ్వు కావాలని చేశావా? పడిపోయింది. దేవుడు పడేశాడు. వాళ్ళ సూది నీ చేతికొచ్చింది, అదీ దేవుడే ఇచ్చాడు. నీకు రెండు పోయాయి. దానికి ముగ్గురు ఇంటి దగ్గరున్నారు. నాలుగోదానికి చాలని పేరు పెట్టుకున్నారు వాళ్ళే." ఎల్మాస్ గొంతు తగ్గించింది. "నా కొడుక్కి ఉత్తరం రాశాను కమేర్. వీడుంటాడని రాశాను."

"తెలుసత్తా."

"తెలిస్తే నోరు కట్టేసుకో. నీళ్ళు కాగుతున్నాయి. వాడికి నలభై పోసుకుని వెళ్ళిపోదాం."

కమేర్ దురాన్ మొహంలోకి చూసింది. వాడు నిద్రలో పెదవులు చప్పరిస్తున్నాడు. ఆ సూది వాడి గుండె దగ్గర ఉంది. మొదటిసారిగా ఆమెకు వాడి గురించి భయం లేదు. వాడు బతుకుతాడు. ఇది ఎంత గట్టిగా అనిపించిందంటే, అలా అనిపించడమే ఆమెకు చెడ్డగా ఉంది. మూడేళ్ళ కిందట మేకను వెతుక్కుంటూ తమ గుమ్మం ముందు నుంచి నడిచిపోయిన ఆ బాలింతకు ఇలాగే అనిపించి ఉంటుందా? లేదు. అవతలి బిడ్డ ఎండిపోతుందని ఆమెకు తెలీదు. తనకు తెలుసు. తేడా అదొక్కటే.

మళ్ళీ మంట దగ్గరికి వచ్చేసరికి ఎషె అవ్వ తాంబాళంలో నీళ్ళు పోసి మోచెయ్యి ముంచి వేడి చూస్తోంది. ముందు వచ్చింది వీళ్ళే కాబట్టి ముందు దురాన్‌కే పోశారు. ఎల్మాస్ గుడ్డు డొల్లతో నీళ్ళు ముంచి, ఒక్కొక్కటీ లెక్కపెడుతూ వాడి భుజాల మీద పోసింది. ఒక్కొక్క డొల్లకూ ఎషె అవ్వ ఏదో ఒక దీవెన చెప్పింది. ఇరవై దాటేసరికి ఆమె దగ్గర దీవెనలు అయిపోయాయి.

"పళ్ళు తిన్నగా రావాలి. చెవులు పెద్దవి కాకూడదు. ఇంకేం కావాలే నీ మనవడికి?"

"మీసం," అన్నాడు సెఫెర్ దూరం నుంచి.

"మీసం రావాలి. కావలివాడి ఉద్యోగం రాకూడదు."

నలభై అయ్యాయి. దురాన్ ఏడవలేదు. ఎల్మాస్ ఉంగరం తీసుకుని వేలికి పెట్టుకుంది. ఆమె మొహం విచ్చుకుంది. పిల్లాణ్ణి తుడిచి, పొడి గుడ్డలో చుట్టి, ఆ సూదిని తనే తిరిగి గుచ్చి కమేర్‌కు ఇచ్చింది.

తర్వాత యెతెర్ వంతు. ఉమ్మూ పిల్ల గుడ్డలు విప్పి, సూదిని ఊడదీసి పెదవుల మధ్య పట్టుకుంది. పడిపోతుందేమోనని చేతిలో కూడా పెట్టుకోలేదు. ఎషె అవ్వకు డొల్ల కనబడదు కాబట్టి నీళ్ళు తనే పోసింది. నోట్లో సూది ఉంది కాబట్టి లెక్క పైకి చెప్పలేక తలూపుతూ పోసింది. ఒకటి, రెండు, మూడు. పన్నెండో పదమూడో పోసేసరికి యెతెర్‌కు వెక్కిళ్ళు వచ్చాయి. పసిపిల్లలకు నీళ్ళు పోస్తే వెక్కిళ్ళు వస్తూనే ఉంటాయి. అందరికీ తెలుసు.

కమేర్ లేచి నిలబడింది.

"కమేర్, కూర్చో," అంది ఎల్మాస్.

"ఉమ్మూ అక్కా, ఆగు. ఆ సూది నా కొడుకుది కాదు."

ఉమ్మూ చెయ్యి ఆగింది. నోట్లో సూది అలాగే ఉంది.

"నాది దారిలో పడిపోయింది. అది నా చొక్కా సూది. బొత్తాలు కుట్టుకునేది. నీ పిల్లకు నేనేమీ ఇవ్వలేదు." కమేర్ దురాన్ గుడ్డ నుంచి పొడుగు సూదిని పీకి ముందుకు చాచింది. "నీది నువ్వు తీసుకో."

మంట గాలికి ఒకసారి ఫెళ్ళున కొట్టుకుంది. ఉమ్మూ నోట్లో సూదిని చేతిలోకి తీసుకుని దానివైపు చూసి, రాతి పగులులోకి, మంటలోకి విసిరేసింది. తర్వాత కమేర్ చేతిలోంచి తన సూదిని లాక్కుంది. లాక్కున్న చేత్తోనే చెంప మీద ఒకటి కొట్టింది.

ఎల్మాస్ లేచింది. "నా కోడల్ని కొడతావటే!"

"కొడతాను! నిన్నూ కొడతాను! నీకు ముందే తెలుసు, నీ మొహంలో ఉంది! నా పిల్లనెందుకు చంపాలనుకున్నారు? పేరు చూసి లోకువైందా?"

"ఎవరు చంపాలనుకున్నారు? చెప్పింది కదా! చెప్పకపోతే నీకెలా తెలిసేది?"

"చాల్లే ఆపండి," అంది ఎషె అవ్వ. "పిల్ల తడిసి ఉంది. ముందు గుడ్డ చుట్టండి దానికి, మిగతా డొల్లలు తర్వాత పోద్దురు గాని. ఆ తర్వాత చంపుకోండి."

ఉమ్మూ పిల్లను చుట్టి గుండెకు హత్తుకుంది. వెక్కిళ్ళు ఇంకా ఆగలేదు. కమేర్ చెంప ఎర్రబడింది. ఆమె దాన్ని తడుముకోలేదు. దురాన్‌ను రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. ఇప్పుడు వాడి దగ్గర ఏ సూదీ లేదు. ఉమ్మూ పిల్ల దగ్గర కూడా లేనట్టే. తన సూది తన దగ్గరుంటే మారకం జరగనట్టు. బిడ్డలిద్దరూ మూడడుగుల దూరంలో, ఇందాక ఎదురుపడ్డప్పుడు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు.

"ఇప్పుడేం చెయ్యాలి అవ్వా?" అని అడిగింది కమేర్.

ఎషె అవ్వ కర్రను పక్కన పెట్టింది. "సూది కుదరకపోతే పాలు. ఒక రొమ్ము తాగిన పిల్లలకు ఒకరి నలభై ఒకరికి అంటదు. తోబుట్టువులు ఒకరినొకరు నొక్కరు. మా అత్త కాలంలో అలాగే చేసేవాళ్ళు. నువ్వు దీని పిల్లకివ్వు, ఇది నీ పిల్లకిస్తుంది."

"కుదరదు," అంది ఎల్మాస్ వెంటనే. "పాల వరస పడితే రేపు పెళ్ళిళ్ళు కుదరవు. దీని పిల్లలు నలుగురూ వీడికి అక్కచెల్లెళ్ళైపోతారు."

"నీ మనవడికి ఇవాళే నలభై నిండాయి. అప్పుడే నలుగుర్ని చూసి పెట్టావా?"

"కుదరదు," అంది ఉమ్మూ కూడా. ఆమె కమేర్ వైపు చూడకుండా మాట్లాడింది. "నా పిల్లను దాని రొమ్ముకు పెట్టను. ఆ పాలు తాగి ఇద్దరు పోయారు. ఉలుపినార్ అంతటికీ తెలుసు ఆ సంగతి."

ఆ మాట ఎవరూ కమేర్ ముందు అనలేదు ఇంతవరకూ. ఎల్మాస్ కూడా అనలేదు. వెనకాల అనుకుంటారని మాత్రం కమేర్‌కు తెలుసు. రాత్రిళ్ళు పాలిచ్చేటప్పుడు ఆమె కూడా అదే అనుకుంటుంది. ఆమె తల దించుకుంది.

"నా పాలు వద్దులే అక్కా. నిజమేనేమో."

ఉమ్మూ మంటవైపు తిరిగి కూర్చుంది. యెతెర్ వెక్కిళ్ళు ఒక్కొక్కటీ దూరమై, ఆగిపోయాయి. ఉమ్మూ ఇంకొంచెంసేపు పిల్లను ఊపింది. తర్వాత ఎషె అవ్వను అడిగింది.

"ఒక్కరు తాగినా వరస పడుతుందా?"

"పడుతుంది. ఒక్క చుక్కైనా పడుతుంది. పిల్లలిద్దరూ ఒకే రొమ్ము తాగితే చాలు, ఎవరిదైతే ఏం?"

"ఐతే వాణ్ణి ఇటివ్వు," అంది ఉమ్మూ. "నేనిస్తాను. నాకు నా పిల్ల కావాలి, అందుకు. నీకోసం కాదు. నా పిల్ల మీద మాత్రం నువ్వు చెయ్యి వెయ్యకు."

ఉమ్మూ యెతెర్‌ను ఎషె అవ్వ ఒళ్ళో పడుకోబెట్టి, తన చొక్కా గుండీలు విప్పుకుంది. సెఫెర్ లేచి గుడి రాళ్ళ అవతలికి వెళ్ళి, ఎవరూ ఎత్తుకుపోని రాళ్ళను చూసుకుంటూ నిలబడ్డాడు.

కమేర్ దురాన్‌ను ఇవ్వడానికి చేతులు చాచింది గానీ వేళ్ళు వదల్లేదు. ఉమ్మూ లాక్కోలేదు, ఆగింది. ఎల్మాస్ ముందుకు వచ్చి కోడలి వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పింది.

దురాన్ ముందు మొహం తిప్పేసుకున్నాడు. వాసన కొత్త. ఉమ్మూ వాడి చెంప మీద చిటికెనవేలితో రాసింది. వాడు మళ్ళీ తిప్పుకున్నాడు. మూడోసారి నోరు తెరిచి పట్టుకున్నాడు.

"ఆకలి మీదున్నాడు. నీకు చాలడం లేదా పాలు?" అంది ఉమ్మూ.

"చాలుతున్నాయి."

ఇంకొకరి రొమ్ము తాగుతున్న కొడుకును చూస్తుంటే కమేర్‌కు పాలు చేపుకొచ్చాయి. చొక్కా రెండువైపులా తడిసి, తడి నడుం దాకా జారింది. ఆమె చేతులు కట్టుకుని దాన్ని దాచుకుంది. ఉమ్మూ అది చూసింది. కాసేపటికి పిల్లాణ్ణి రెండో వైపుకు మార్చుకుంది.

"ఇటుకూడా తాగనీ. లేకపోతే రేపు చిరాలి వాళ్ళు సగమే ఇచ్చిందంటారు."

"అంటాం," అంది ఎల్మాస్, తమ కూజాలో మిగిలిన నీళ్ళు పారబోస్తూ.

కమేర్ కొడుకు గొంతు కనబడే చోటు చూసుకుని రాతిమీద కూర్చుంది. గుటక పడినప్పుడల్లా వాడి మెడ దగ్గర చర్మం కదులుతోంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.